మురుగు కడిగితే చాలదు, అందులోని మందునూ తీయాలి!

మూసీ ఒడ్డు ఊళ్ల అన్నలారా, అక్కలారా! నగరంలో నాలాల పక్కన ఇళ్లు కట్టుకొని బతుకుతున్న అమ్మలారా, అయ్యలారా! ఈ కాగితం అందగానే మడిచి జేబులో పెట్టుకోకండి. ఒక్క పది నిమిషాలు నిలబడి చదవండి.

2025 సెప్టెంబరులో హైదరాబాద్ పాత బోయినపల్లిలో ఒక బడి నడుస్తున్న భవనంలోనే ఆల్ప్రాజోలం అనే మత్తుమందు తయారుచేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. ఒక పక్క పిల్లల తరగతులు, ఇంకో పక్క రియాక్టర్లు. అదే నెలలో చర్లపల్లిలో మెఫెడ్రోన్ అనే ఇంకో మత్తుమందు తయారవుతుంటే మహారాష్ట్ర నుంచి పోలీసులు వచ్చి పట్టుకున్నారు. ఇలాంటి కేసు బయటపడినప్పుడల్లా పొడి ఎన్ని కిలోలు, దాని విలువ ఎన్ని కోట్లు అని పేపర్లలో వస్తుంది. సంచుల ఫొటో కూడా వస్తుంది.

ఆ ఫొటోలో కనబడనిది ఒకటుంది. పొడి తయారవగా మిగిలిన నీళ్లు. కిలో యాంఫెటమిన్ తయారైతే 20 నుంచి 30 కిలోల వ్యర్థం మిగులుతుందని, ఎండీఎంఏకైతే 6 నుంచి 10 కిలోలని యూరప్‌లో మాదకద్రవ్యాల మీద నిఘా పెట్టే సంస్థ లెక్కగట్టింది. యాసిడ్లు, సాల్వెంట్లు, సగం తయారైన మందు, అన్నీ అందులోనే ఉంటాయి. లైసెన్సు ఉన్న కంపెనీకైతే ఆ నీళ్లు ఎక్కడికి పంపాలో కాగితం మీదైనా ఒక లెక్క ఉంటుంది. దొంగచాటుగా వండేవాడికి ఆ లెక్క లేదు. వాడికి దగ్గరగా ఉన్నవి రెండే: బాత్రూం తూము, గల్లీలో మ్యాన్‌హోల్.

ఆ మ్యాన్‌హోల్ మనది. దాని కింద పారే మురుగు మూసీకి పోతుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం నడుమ నుంచి పారి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీకి. దారిలో ప్రతాపసింగారం, కొర్రెముల, ఏదులాబాద్ మీదుగా కత్వలు దాటుకుంటూ, పొలాలకూ చెరువులకూ మళ్లుతూ పోతుంది. ఆ నీళ్లతో పెరిగే పారాగడ్డి తిన్న బర్రెల పాలే తెల్లారి మన గడపలోకి వస్తాయి.

మేము అడిగేది ఒక్కటే. మన మురుగునీటి శుద్ధి కేంద్రాలకు మందులను తీసే అంచె ఒకటి కట్టాలి. చట్టం ఒప్పిన మందైనా, ఒప్పని మందైనా. దానికయ్యే ఖర్చు మందుతో డబ్బు సంపాదించినవాళ్లు పెట్టుకోవాలి.

మింగింది మాయం కాదు

గోలీ మింగితే ఒంట్లో అరిగి మాయమైపోతుందని అనుకుంటాం. పోదు. సిప్రోఫ్లాక్సాసిన్ 500 గోలీ వేసుకుంటే అందులో దాదాపు సగం, ఏ మార్పూ లేకుండా, మూత్రంలో బయటికి వస్తుంది. నొప్పికి వేసుకునే ట్రమడాల్‌లో మూడో వంతు దాకా అలాగే వస్తుంది. ఆల్ప్రాజోలం కొంత మారకుండా, ఎక్కువ భాగం రూపం మార్చుకొని వస్తుంది. డాక్టరు రాసిచ్చిన గోలీ అయినా, పబ్బులో ఎవడో చేతిలో పెట్టిన గోలీ అయినా, కల్లు కాంపౌండులో సీసాలో కలిపిన పొడి అయినా చివరికి చేరేది ఒకటే పైపులోకి.

కల్లు సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేం. ఈత చెట్టు, తాటి చెట్టు ఇచ్చే కల్లు చాలనప్పుడు నీళ్లలో డైజోపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం తెలంగాణలో ఏళ్లుగా నడుస్తున్న దుర్మార్గం. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద గట్టిగా పడితే మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వందలమంది ఆసుపత్రులకు వచ్చారు. కల్లు మానేసినందుకు కాదు. అందులో ఉన్న మందు ఒక్కసారిగా ఆగిపోయినందుకు. ఈ కాగితం రాస్తున్నవాళ్లలో ఒకరి పెద్దనాయన అప్పుడు మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గోడను గీకాడు, సొంత కొడుకును గుర్తుపట్టలేదు. పదేళ్ల తర్వాత, 2025 జులైలో, కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలే పోగొట్టుకున్నారు. తాగినవాళ్లకు జరిగింది మనం చూశాం. తాగినవాళ్ల ఒంట్లోంచి నాలాలోకి దిగిన మందు ఏమైందో మనం అడగలేదు.

మన శుద్ధి కేంద్రాలు ఏం చేస్తాయి?

అంబర్‌పేట శుద్ధి కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసేలా కట్టింది. అది కాక నగరం చుట్టూ 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త కేంద్రాలు, రోజుకు దాదాపు 126 కోట్ల లీటర్ల సామర్థ్యంతో చేపట్టారు. ఇది మంచి పని. ఒప్పుకుందాం. నల్లగా పారే నాలా కొంచెం తేటపడితే సంతోషించే మొదటివాళ్లం మేమే.

అయితే అక్కడ జరిగే పని ఏమిటో తెలుసుకోవాలి. మురుగును పెద్ద తొట్లలో నింపి కింద నుంచి గాలి కొడతారు. గాలి తగిలిన సూక్ష్మజీవులు మలాన్ని, సబ్బును, అన్నం మెతుకులను తిని బలుస్తాయి. ఆ తర్వాత బురదగా అడుగుకు దిగుతాయి. పైన తేటనీరు మిగులుతుంది. ఆ నీటికి పరీక్షలు చేస్తారు: నీటిలోని మురికి ఎంత ఆక్సిజన్ తాగుతుందో చెప్పే బీఓడీ, సీఓడీ ఎంత, తేలే మడ్డి ఎంత, మలంలోని బ్యాక్టీరియా ఎంత. అన్నీ హద్దులో ఉంటే నీళ్లు మూసీకి. ఆ చిట్టాలో మందు పేరు ఒక్కటీ లేదు.

కొన్ని మందులను ఆ సూక్ష్మజీవులు తినగలవు. కొకైన్ లాంటిది గాలి తొట్టిలోనే చాలావరకు విరిగిపోతుంది. డైజోపామ్, కార్బమాజెపిన్ లాంటివాటిని అవి ముట్టుకోవు, వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతాయి. ఇంకో వింత ఉంది. మన కాలేయం కొన్ని మందులకు చక్కెర అణువునొకదాన్ని తగిలించి ఒంట్లోంచి సాగనంపుతుంది. మురుగులోని బ్యాక్టీరియా ఆ చక్కెరను కొరికి తినేస్తుంది, మందు మళ్లీ పాత రూపానికి వస్తుంది. అందుకే కొన్నిసార్లు శుద్ధి కేంద్రంలోకి పోయిన నీళ్లలోకంటే బయటికి వచ్చిన నీళ్లలోనే మందు ఎక్కువ కనిపిస్తుంది. ఇక సిప్రోఫ్లాక్సాసిన్ నీళ్లలోంచి తగ్గినట్టు కనబడుతుంది గానీ, అది పోయి బురదకు అంటుకుంటుంది. ఆ బురదను ఎరువని పొలంలో చల్లితే మందు నీళ్లలోంచి మట్టిలోకి మారిందంతే.

ఇది ఆ కేంద్రాల్లో పనిచేసే ఆపరేటర్ల తప్పు కాదు. వాళ్లకు ఇచ్చిన యంత్రం ఆ పనికి కట్టింది కాదు. వాళ్లను నిలదీయకండి. వాళ్లకు సరైన యంత్రం ఇవ్వమని అడగండి.

ఒక గ్రాము, రెండు వందల ట్యాంకర్లు

"అంత నదిలో ఇంత మందు, ఏమవుతుందిలే" అంటారు కొందరు. నిజమే, మామూలు ఊరి మురుగులో ఇవి లీటరుకు మైక్రోగ్రాముల్లోనో, అంతకన్నా తక్కువో ఉంటాయి. లీటరుకు ఒక మైక్రోగ్రాము అంటే పది లక్షల లీటర్లలో ఒక గ్రాము. మన వీధికి వచ్చే అయిదు వేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు రెండు వందలు నిలబెట్టి, అన్నిటికీ కలిపి ఒక్క గ్రాము పంచినట్టు.

అంత పలచన చాలు. 2013లో స్వీడన్‌లో ఉమియో విశ్వవిద్యాలయం వాళ్లు పెర్చ్ అనే చేపలను ఆక్సాజెపామ్ కలిపిన నీళ్లలో ఉంచారు. మన కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజోపామ్ కుటుంబానిదే ఆ మందు. లీటరుకు రెండు మైక్రోగ్రాములకు లోపే. గుంపులో బతికే చేపలు గుంపు వదిలాయి, దాక్కోవాల్సిన చోట దాక్కోలేదు, తిండి మీద వేగంగా పడ్డాయి. నదిలో అట్లా ఒంటరిగా బయట తిరిగే చేప పెద్ద చేపకు మేతే. 2021లో ప్రాగ్ శాస్త్రవేత్తలు ట్రౌట్ చేపలను ఎనిమిది వారాలు మెథాంఫెటమిన్ కలిపిన నీళ్లలో పెట్టారు, లీటరుకు ఒక్క మైక్రోగ్రాము. తర్వాత మంచినీళ్లలోకి మారిస్తే అవి మందగించాయి, మళ్లీ మందు నీళ్ల వైపే పోయాయి. చేప మందుకు అలవాటు పడింది, అది దొరక్క తల్లడిల్లింది. పెద్దనాయన గోడ గీకిన రాత్రులు మాకు గుర్తొచ్చాయి. ఆయన కనీసం సీసా తన చేత్తో తెచ్చుకున్నాడు. చేప తెచ్చుకోలేదు.

పటాన్‌చెరు మరచిపోయే సంగతి కాదు

మూసీకి ఇది కొత్త కథ కాదు. 1960లలో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చినప్పటి నుంచి మందుల తయారీ మన నగరానికి పేరు తెచ్చింది, లక్షల ఇళ్లకు అన్నం పెట్టింది. అందులో పనిచేసే అన్నలూ తమ్ముళ్లూ మన ఇళ్లలోనే ఉన్నారు. మేము ఆ పరిశ్రమకు శత్రువులం కాదు. ఆ పరిశ్రమ నీళ్లు ఎట్లా వదిలిందో ప్రపంచం అంతా చదివింది గనుక మనమూ చదువుకోవాలి.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న, అంటే శుద్ధి అయిపోయిన, నీళ్ల పరీక్షల ఫలితాలను ప్రచురించింది. దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు అక్కడికి వచ్చేవి. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. పదహారు లీటర్ల బకెట్ ముంచితే ఒక 500 గోలీ వచ్చినట్టు. రోజుకు 45 కిలోలు పోతోందని లెక్క తేలింది. అంటే రోజూ 90 వేల గోలీలు నీళ్లలో కలిపినట్టు, అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం అయిదు రోజుల్లో వాడేంత మందు. 2009లో వచ్చిన ఇంకో అధ్యయనం చుట్టుపక్కల ఊళ్ల బావులనూ చెరువులనూ చూసింది. పరీక్షించిన ప్రతి బావిలోనూ మందులు కనిపించాయి. ఒక చెరువులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాములు. ఆ ఊళ్లవాళ్లు వేసుకున్న మందు కాదది. వాళ్లకు ఎవరూ రాసివ్వలేదు.

పటాన్‌చెరు జనం ఊరుకోలేదు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు రోగులను చూసి, నీళ్లు చూసి, రోడ్డెక్కారు. 1990లో వేసిన కేసు సుప్రీంకోర్టు నుంచి హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రిబ్యునల్‌కు తిరిగి 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు. కేసు వేసిన నాడు పుట్టిన బిడ్డకు తీర్పు నాటికి పెళ్లీడు. ఈలోపు నక్కవాగును, అది కలిసే మంజీరా నదిని కాపాడడానికని 18 కిలోమీటర్ల పైపు వేసి పటాన్‌చెరు నీళ్లను నగరం మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపారు. పలచబడుతుంది గదా అన్నారు. మందు అలాగే ఉంది, కలిసిన నది మారింది.

అప్పటికీ ఇప్పటికీ ఏమీ మారలేదని మేము అనం. పెద్ద కంపెనీలు చాలావరకు చుక్క నీరు బయటికి వదలకుండా ఆవిరి యంత్రాలు పెట్టుకున్నాయి. అయినా 2016 నవంబరులో జర్మనీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు తీస్తే పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలోని ఒక కాలువలో ఫ్లూకోనజోల్ లీటరుకు 237 మిల్లీగ్రాములు తేలింది. అది తామర లాంటి ఫంగస్ జబ్బులకు వాడే మందు. ఒక లీటరులో గోలీన్నర. నూటికి 95కి పైగా నమూనాల్లో, గట్టి యాంటీబయాటిక్‌లకు కూడా లొంగని బ్యాక్టీరియా ఉంది. మందు రోజూ కొంచెం కొంచెం తగిలితే బ్యాక్టీరియా దానికి రాటుదేలుతుంది. అటువంటి మొండి బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారు. బాలింతకు జ్వరం వచ్చి, డాక్టరు మూడు మందులు మార్చి, మూడూ పనిచేయక తలపట్టుకున్నప్పుడు ఆ లెక్క మన వార్డులోకి వస్తుంది.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. మందుల కంపెనీల నీళ్లలో 121 యాంటీబయాటిక్‌లకు ఒక్కొక్కదానికి హద్దు పెట్టింది. మేము ఆశపడ్డాం. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులన్నీ ఎగిరిపోయాయి. ఆ తర్వాత 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థే యాంటీబయాటిక్ తయారీ నీళ్లకు మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. సాకు చెప్పడానికి ఇక ఏమీ మిగల్లేదు.

లైసెన్సు ఉన్నవాడికే హద్దు లేనప్పుడు, మూతపడ్డ షెడ్డులో రాత్రిపూట ఆల్ప్రాజోలం వండేవాడి నీళ్లను ఎవరు అడగాలి? అందుకే మేము పైపు చివర గురించి మాట్లాడుతున్నాం. దాడులు జరగాలి, దొంగ తయారీ ఆగాలి. కానీ పట్టుబడనివాడి మందు కూడా చివరికి వచ్చేది శుద్ధి కేంద్రానికే. దాన్ని ఆపగల చివరి తలుపు అది.

తీయవచ్చు, తీస్తున్నారు

ఇది చంద్రుడి మీదకి పోయే పని కాదు. రెండు పద్ధతులు ఉన్నాయి, రెండూ పాతవే. ఒకటి ఓజోన్. శుద్ధి అయిన నీళ్లలోకి ఓజోన్ వాయువు పంపితే అది మందు అణువులను విరగ్గొడుతుంది. కరెంటు ఎక్కువ తాగుతుంది. పైగా డైజోపామ్ లాంటివి ఓజోన్‌కు అంత తేలిగ్గా లొంగవు. ఆ మందులే మన కల్లులో ఉన్నాయి గనుక మనకు ఒక్క ఓజోన్ సరిపోదు.

రెండోది బొగ్గు. కాల్చి, ఆవిరి పట్టి, లోపలంతా కంటికి కనబడని గుంతలు పడేలా చేసిన యాక్టివేటెడ్ కార్బన్. మందు అణువులు ఆ గుంతల్లోకి పోయి అతుక్కుంటాయి. ఇంట్లో నీళ్ల ఫిల్టరులో ఉండేదీ అదే. మేలురకం బొగ్గు దేనితో చేస్తారో తెలుసా? కొబ్బరి చిప్పతో. కోనసీమలో కుప్పలుగా పడేది అదే. లీటరుకు 10 మిల్లీగ్రాముల పొడి వేసినా అంబర్‌పేట కేంద్రం మొత్తానికి రోజుకు మూడున్నర టన్నులు చాలు, ఒక చిన్న లారీ లోడు. వాడిన పొడిని తిరిగి పొలాల్లో పోయకూడదు, కొలిమిలో కాల్చేయాలి. ఆ షరతు మేమే ముందుగా చెబుతున్నాం.

స్విట్జర్లాండ్‌లో 2014లో డ్యూబెన్‌డార్ఫ్ పట్టణం దగ్గర నాయ్‌గుట్ శుద్ధి కేంద్రంలో ఓజోన్ అంచె మొదలైంది. 2016 నుంచి చట్టమే వచ్చింది: ఎంచిన కేంద్రాలన్నీ ఇలాంటి సూక్ష్మ కాలుష్యాల్లో నూటికి 80 వంతులు తీయాలి, 2040 నాటికి దాదాపు వంద కేంద్రాలు సిద్ధం కావాలి. ఖర్చుకు మనిషికి ఏడాదికి 9 ఫ్రాంకులదాకా వసూలు చేసి నిధి పెట్టారు, కట్టుబడి ఖర్చులో నాలుగింట మూడు వంతులు ఆ నిధే భరిస్తుంది. వేల మందులను ఎట్లా కొలుస్తారు అని అడిగేవాళ్లకు జవాబు కూడా అక్కడే ఉంది. వాళ్లు వేలు కొలవరు. పన్నెండు పేర్ల జాబితా ఒకటి పెట్టుకున్నారు. ఆ పన్నెండు తగ్గితే మిగతావీ తగ్గినట్టు. మూసీకి అలాంటి జాబితా మనమే రాసుకోవచ్చు: ఆల్ప్రాజోలం, డైజోపామ్, ట్రమడాల్, సిప్రోఫ్లాక్సాసిన్, ఫ్లూకోనజోల్. తక్కినవి శాస్త్రవేత్తలు చెబుతారు.

యూరప్ దేశాల కూటమి 2024లో ఇంకో అడుగు వేసింది. పెద్ద పట్టణాల శుద్ధి కేంద్రాలన్నిటికీ 2045 నాటికి ఈ అంచె ఉండాలంది. ఖర్చులో కనీసం నూటికి 80 వంతులు మందుల కంపెనీలు, సౌందర్య సాధనాల కంపెనీలే భరించాలంది. కంపెనీలు కోర్టుకు పోయాయి. పోనివ్వండి. మన దగ్గర అడిగే నోరైనా లేవలేదు, అది మన బాధ.

నమూనాలు తీయడానికి మనకు చేతకాదని ఎవరైనా అంటే 2020 గుర్తు చేయండి. కరోనా కాలంలో మన నగరంలోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మన శుద్ధి కేంద్రాల మురుగు తీసి పరీక్షించి, నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని ఆ ఆగస్టులో చెప్పారు. ఏ ఇంటికీ పోకుండా, ఎవరి పేరూ అడగకుండా. మందులకూ అదే పద్ధతి. ఇటలీలో 2005లోనే పో నది నీళ్లు పరీక్షించి, ఆ లోయలో రోజుకు నాలుగు కిలోల కొకైన్ వాడకం ఉందని లెక్కగట్టారు. మురుగు చెబితే ఏ ప్రాంతంలో ఏ మందు పెరుగుతోందో తెలుస్తుంది, చికిత్సకు ఏర్పాట్లు అక్కడ ముందుగా చేయవచ్చు. ఇంటింటి మీద నిఘా పెట్టడానికి దీన్ని వాడతామంటే మాత్రం మేము ఒప్పుకోం. ఏ ఇంటి తూమునూ తవ్వొద్దు. పెద్ద కేంద్రం ముఖద్వారం దగ్గర తీసిన నమూనా చాలు.

రేపటి నుంచి మనం

ఇంట్లో మిగిలిన గోలీలు కమోడ్‌లో పోయకండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాచకుండా చెబుతున్నాం. 2025లో కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో 17 మందుల పేర్లు రాసి, వాటిని సింకులోనో కమోడ్‌లోనో పారేయమంది. ట్రమడాల్, డైజోపామ్, మార్ఫిన్, ఫెంటానిల్ ఆ జాబితాలో ఉన్నాయి. ఇంట్లో పసిపిల్లలు పొరపాటున మింగకూడదని, వేరేవాళ్ల చేతికి పోకూడదని వాళ్ల భయం. ఆ భయం నిజమైనదే, పిల్లవాడి ప్రాణం ముందు. కానీ తీయలేని శుద్ధి కేంద్రం ఉన్న నగరంలో ఆ సలహా అమలైతే నేరుగా మూసీకే. అదే పత్రం ఇంకో మాట కూడా చెప్పింది: మిగిలిన మందులు తిరిగి తీసుకునే కేంద్రాలు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ, మందుల దుకాణాల సంఘాలు కలిసి పెట్టాలని. కేరళ కోళికోడ్‌లో ఆ పని మొదలుపెట్టింది. మీరు మందులు కొనే షాపులో అడగండి, "అన్నా, మిగిలిన గోలీలు వాపసు తీసుకునే డబ్బా ఎందుకు పెట్టలేదు?" అని. కొట్లాట అక్కర్లేదు. వారంలో ఇరవైమంది అడిగితే షాపాయన తన సంఘంలో అడుగుతాడు. అప్పటిదాకా ఆ గోలీలను తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచండి.

జ్వరానికీ జలుబుకూ మీకు మీరే యాంటీబయాటిక్ కొనుక్కోకండి. మొదలుపెట్టిన కోర్సును డాక్టరు చెప్పినట్టు వాడండి.

మ్యాన్‌హోల్ నుంచి మురుగు వాసన కాకుండా స్పిరిట్ వాసన, ముక్కు మండే వాసన వస్తే, నాలాలో రంగు నీళ్లు వస్తే, రాత్రిపూట ట్యాంకరు ఆగితే టైము, చోటు రాసిపెట్టుకొని వాటర్‌బోర్డు 155313కు చెప్పండి. తాళం వేసి ఉన్న షెడ్డులో రాత్రిళ్లు మోటార్లు తిరుగుతుంటే మాదకద్రవ్యాల నిరోధక పోలీసుల నంబరు 1908కి చెప్పండి. మీరు సొంతంగా లోపలికి పోవద్దు, ఆ నీళ్లు ముట్టుకోవద్దు, మ్యాన్‌హోల్ మూత తీయవద్దు. అందులోని గాలికి మనుషులు చచ్చిపోతారు.

ఒడ్డు ఊళ్ల రైతన్నలకు ప్రత్యేకంగా ఒక మాట. శుద్ధి కేంద్రం బురదను ఎరువని ఎవరైనా ఇస్తే, మందుల పరీక్ష కాగితం అడిగి చూశాకే పొలంలో వేయండి. గ్రామసభలో ఆ మేరకు తీర్మానం రాయించండి. బస్తీల్లోవాళ్లు మీ ఎమ్మెల్యేకు ఈ కాగితం ఇచ్చి, అసెంబ్లీలో అడగమనండి.

ఇక అందరం కలిసి చేయగలది సమాచార హక్కు దరఖాస్తు. తెల్ల కాగితం మీద చేత్తో రాస్తే చాలు. పది రూపాయల ఫీజు, తెల్ల రేషన్‌కార్డు ఉన్నవాళ్లకు అదీ లేదు. ఒకటి ఖైరతాబాద్‌లోని వాటర్‌బోర్డు సమాచార అధికారికి, ఒకటి సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి సమాచార అధికారికి. కింది మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి:

"అంబర్‌పేట, ఇంకా మా ప్రాంతంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాలలోకి వచ్చే నీటిలోనూ, బయటికి వెళ్లే నీటిలోనూ, బురదలోనూ మందుల అవశేషాలకు గత మూడేళ్లలో పరీక్షలు జరిగాయా? జరిగితే ఆ నివేదికల నకళ్లు ఇవ్వగలరు.

అక్రమ మాదకద్రవ్యాల తయారీ కేంద్రాలు పట్టుబడినప్పుడు అక్కడి వ్యర్థజలాల నమూనాలను మీ శాఖ సేకరించిందా? ఏ తేదీల్లో, ఏ ఫలితాలతో?

మందుల అవశేషాలను తీసే ఓజోన్ లేదా యాక్టివేటెడ్ కార్బన్ అంచెను ఏ శుద్ధి కేంద్రంలోనైనా ప్రతిపాదించారా? ప్రతిపాదిస్తే అంచనా వ్యయం, ప్రస్తుత దశ తెలుపగలరు.

శుద్ధి కేంద్రాల బురదను గత మూడేళ్లలో ఎవరికి, ఎన్ని టన్నులు, ఏ పరీక్షల తర్వాత ఇచ్చారు?"

కింద పేరు, చిరునామా, సంతకం పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు ఇచ్చిన రోజే ముద్ర వేసిన రసీదు అడిగి తీసుకోండి, గడువు తేదీ క్యాలెండరు మీద గీత గీసి పెట్టుకోండి.

– మూసీ ఒడ్డు ఊళ్లవాళ్లం, నాలా పక్క బస్తీలవాళ్లం